పెద్ద తాబేళ్ళ వలసపై పరిశోధన: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గలాపగోస్ దీవుల్లోని పెద్ద తాబేళ్ళు ఏటా కొండ ఎక్కి దిగుతాయనీ, ఆ నడకను అధ్యయనం చేయడానికి కొన్ని విదేశీ విశ్వవిద్యాలయాలు అప్పుడప్పుడు పరిశోధక విద్యార్థులను తీసుకుంటాయనీ గత సంచికలో వేరొక ప్రశ్నకు జవాబిస్తూ మాటవరసకు రాశాను. ఆ ఒక్క మాట పట్టుకొని హనుమకొండ, నర్సంపేట, పెద్దపల్లి, భూపాలపల్లి, ములుగు వైపుల నుంచి ఉత్తరాలు వచ్చాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నేను హనుమకొండలో ఎం.ఎస్సీ. జంతుశాస్త్రం చివరి సంవత్సరం చదువుతున్నాను. పదో తరగతి వరకు పాకాల దగ్గరి మా ఊరి బడిలో తెలుగు మాధ్యమంలో చదివాను. తాబేళ్ళ వలస మీద పరిశోధన చేయాలని ఉందంటే స్నేహితులు నవ్వుతున్నారు. డాక్టరేటుకు సరిపడేంత విషయం అందులో నిజంగా ఉన్నదా? నావంటి వారికి అటువంటి సీటు దొరుకుతుందా?
– ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: మీ స్నేహితులు నవ్వారంటే అందులో వారి తప్పేమీ లేదు. వలస అనే మాట వినగానే మన వైపు వారికి గల్ఫ్ విమానం గుర్తుకు వస్తుంది, లేకపోతే చలికాలంలో చెరువుల మీద వాలే పరాయి దేశపు బాతులు గుర్తుకు వస్తాయి. నిదానానికి పేరు పడ్డ తాబేలు ఆ వరుసలో ఎక్కడా కనిపించదు. అయితే జంతుశాస్త్రంలో వలసను దూరంతో కొలవరు. రుతువు మారగానే ఒక తావు విడిచి మరొక తావుకు పోవడం, రుతువు తిరిగేసరికి మళ్ళీ మొదటి తావుకు చేరుకోవడం, ఏటా ఇదే వరుస సాగడం ఉంటే అది వలసే. ఎండాకాలం మేత కరువైనప్పుడు గొల్లకురుమలు మందలను తోలుకొని అడవుల వైపు పోయి, తొలకరి పడ్డాక ఊళ్ళకు తిరిగి రావడం మీరు చూసే ఉంటారు. పెద్ద తాబేలు చేసేది కూడా దాదాపు అదే పని. తోలేవాడు లేడన్నదే తేడా.

గలాపగోస్ దీవులు దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ దేశానివి. ఆ దేశపు తీరానికి పడమరగా, పసిఫిక్ మహాసముద్రంలో సుమారు 1,000 కిలోమీటర్ల దూరాన ఉన్నాయి. అవి అగ్నిపర్వతాల వల్ల పుట్టిన దీవులు కనుక తీరం నుంచి నడిమికి పోయిన కొద్దీ నేల ఎత్తు పెరుగుతుంది, ఎత్తుతో పాటు తేమా పెరుగుతుంది. పరిశోధన ఎక్కువగా జరిగిన సాంతా క్రూజ్ దీవినే తీసుకోండి. జనవరి నుంచి మే వరకు అక్కడ వేడి, వాన కలిసి వస్తాయి. అప్పుడు దిగువన, మామూలుగా నాగజెముడు చెట్లూ ముళ్ళపొదలూ తప్ప ఏమీ కనిపించని నేలలో, లేత పచ్చిక లేస్తుంది. జూన్ నుంచి డిసెంబరు వరకు చల్లని కాలం. దిగువ నేల ఎండిపోతుంది గానీ ఎగువన 'గరూవా' అని అక్కడివారు పిలిచే మంచు తుంపర నెలల తరబడి పడుతూ గడ్డిని ఆరనివ్వదు. తాబేళ్ళు దిగువన పచ్చిక లేచినప్పుడు దిగుతాయి, అది ఎండినప్పుడు ఎక్కుతాయి. 200 కిలోలు దాటిన మగ తాబేలు కూడా నల్లని లావా రాళ్ళ మీదుగా, పొదలను తొక్కుకుంటూ, ఒక్కొక్కసారి 10 కిలోమీటర్ల వరకు ఇలా పోతుంది.

ఇంతవరకు ఆ దీవుల రైతులకు ఎప్పటినుంచో తెలిసిన సంగతే. 1835లో ఆ దీవులకు వెళ్ళిన చార్లెస్ డార్విన్ కూడా, తాబేళ్ళు నీటి ఊటల కోసం ఎత్తుకు ఎక్కే దారులు అరిగిపోయి వెడల్పుగా కనిపించాయని రాశాడు. శాస్త్రానికి కొత్తగా తెలిసింది, తాబేలు డిప్ప మీద జీపీఎస్ పరికరాన్ని అతికించాకనే. స్టీఫెన్ బ్లేక్ అనే పరిశోధకుని బృందం 2009లో ఆ పని మొదలుపెట్టింది. జర్మనీకి చెందిన మాక్స్ ప్లాంక్ పరిశోధన సంస్థ, చార్లెస్ డార్విన్ ఫౌండేషన్, గలాపగోస్ నేషనల్ పార్కు మొదలైనవి ఇందులో కలిసి పనిచేశాయి. 2013లో వారు ప్రచురించిన పత్రం ఒక చిక్కుముడిని బయటపెట్టింది: అన్ని తాబేళ్ళూ వలస పోవు, పెద్దవే పోతాయి, చిన్నవి దిగువనే ఉండిపోతాయి. దిగువ పచ్చిక కొంచెమే అయినా పోషకం ఎక్కువ, ఎగువ గడ్డి సమృద్ధిగా ఉన్నా పోషకం తక్కువ. చిన్న ఒంటికి ఆ కొంచెం చాలు కనుక ఎండిన నెలలను కూడా దిగువన నెట్టుకురాగలదు. పెద్ద ఒంటికి అది చాలదు కనుక ఎగువకు ఎక్కక తప్పదు. ఆడ తాబేళ్ళ కథ ఇంకొంచెం వేరు: గుడ్లు పెట్టడానికి వెచ్చని, పొడి నేల కావాలి, అది దిగువనే దొరుకుతుంది, కాబట్టి మేత ఉన్నా లేకున్నా వాటికి అక్కడ పని పడుతుంది.

దీనికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 2019లో వచ్చిన మరొక పరిశోధన. గియోమ్ బాస్టీ-రూసో, ఆయన సహచరులు ఏళ్ళ తరబడి పోగైన జీపీఎస్ లెక్కలను ఉపగ్రహాలు చూపిన పచ్చదనంతో పోల్చి చూశారు. తాబేలు ఈ ఏటి వానను, ఈ ఏటి పచ్చికను చూసుకొని బయలుదేరుతుందా, లేక గడచిన ఏళ్ళ అలవాటును బట్టి బయలుదేరుతుందా అన్నది ప్రశ్న. ఈ ఏటి వాన ఆలస్యమైనా తాబేలు తన ముహూర్తాన్ని దానికి తగ్గట్టు అంతగా మార్చుకోవడం లేదనీ, గత సంవత్సరాల సగటునే నమ్ముకుంటున్నదనీ వారికి తేలింది. నూరేళ్ళు బతికే జీవికి ఇది తెలివైన పద్ధతే, వానలు పాత లెక్క ప్రకారం పడినంత కాలం. మృగశిర కార్తె వచ్చింది కదా అని ఆకాశం చూడకుండా విత్తనం వేసిన రైతు పరిస్థితి మీకు నేను వివరించనక్కరలేదు. వాతావరణం మారుతున్న ఈ రోజుల్లో తాబేలు పంచాంగం ఎన్నాళ్ళు పనికివస్తుందన్న ఒక్క ప్రశ్న మీదనే రెండు మూడు డాక్టరేట్లు నిలబడగలవు.

ఇక మీరు 'సీటు' అన్నారు. ఈ శీర్షికలో ఇవాళ నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇక్కడే ఉంది. అమెరికాలోనూ ఐరోపాలోనూ ఇటువంటి అవకాశం ఇంజనీరింగు సీటు వంటిది కాదు. అది ఒక చిన్న ఉద్యోగం. ర్యాంకును బట్టి కౌన్సెలింగులో పంచరు. ఒక ఆచార్యునికి ఒక ప్రశ్న ఉంటుంది, ఆ ప్రశ్నకు నిధులు వస్తాయి, ఆ నిధులతో మూడు నాలుగేళ్ళు పనిచేయగల ఒక మనిషి ఆయనకు కావలసి వస్తుంది. ఆ మనిషికి రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ పేరుతోనో, తరగతుల్లో సాయపడితే టీచింగ్ అసిస్టెంట్‌షిప్ పేరుతోనో నెల జీతం ఇచ్చి, ఫీజు మాఫీ చేస్తారు. జర్మనీలో అయితే చాలా చోట్ల పీహెచ్‌డీ విద్యార్థితో ఉద్యోగ ఒప్పందమే రాయించుకుంటారు. కాబట్టి 'నాకు సీటు ఇస్తారా' అనడం కంటే 'మీ పనికి నేను పనికొస్తానా' అనడం నేర్చుకోవాలి.

ఈ సంగతి ఎంత తేడా చేస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను. నా దగ్గరకు వచ్చే విద్యార్థులు ఆచార్యులకు పంపిన మెయిళ్ళు చూపిస్తుంటారు. నూటికి తొంభై ఒకే అచ్చులో ఉంటాయి: 'గౌరవనీయులైన సర్, నేను బాల్యం నుంచి వన్యప్రాణులంటే ఎంతో ఆసక్తి గలవాడిని, తమ ప్రఖ్యాత సంస్థలో అవకాశం కల్పించగలరని ప్రార్థన.' పేరు మార్చి అదే మెయిల్ నలభై మందికి పోతుంది, నలభై మందీ తెరవకుండానే మూసేస్తారు. దానికి బదులు ఇలా నాలుగు వాక్యాలు రాయండి: 'పెద్ద తాబేళ్ళు వలసకు గత వానల సగటును నమ్ముకుంటాయని మీ పత్రంలో చదివాను. మొదటిసారి వలస పోయే తాబేలుకు ఆ సగటు ఎక్కడి నుంచి వస్తుందన్నది నాకు అర్థం కాలేదు. బహిరంగంగా దొరికే కదలికల పట్టిక ఒకటి తీసుకొని ఈ పటం గీశాను, జతపరిచాను. వచ్చే సంవత్సరానికి మీ దగ్గర విద్యార్థికి చోటున్నదా?' దీన్ని చదివిన ఆచార్యుడు చోటు లేకపోయినా లేదని జవాబిస్తాడు. అది కూడా చిన్న సంగతి కాదు. ఆయన మరొకరి పేరు చెప్పే అవకాశం ఉంటుంది.

బహిరంగంగా దొరికే పట్టిక అన్నాను కదా, అదే మీకు ఇంట్లో కూర్చొని చేయగల అభ్యాసం. జంతువుల కదలికలను భద్రపరచే 'మూవ్‌బ్యాంక్' అనే వేదిక మాక్స్ ప్లాంక్ సంస్థ నిర్వహణలో ఉంది; అందులో అనేక అధ్యయనాల స్థానాల వివరాలను ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. గంటకొక స్థానం చొప్పున ఒక్క జంతువు ఏడాదికి 8,760 వరుసల పట్టిక అవుతుంది. 'ఆర్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ పట్టికను తెరిచి, మొదటి రోజున్న చోటి నుంచి ప్రతిరోజూ ఎంత దూరంలో ఉందో ఒక గీత గీయండి. గీత ఒక మెట్టెక్కి, కొన్ని నెలలు చదునుగా సాగి, మళ్ళీ మెట్టు దిగి మొదటి చోటికి వస్తే అది వలస. దూరం పెరుగుతూనే పోతే అది దేశదిమ్మరితనం. అసలు లేవకపోతే ఉన్నచోటే స్థిరపడ్డ జీవి. ఈ మూడు రకాల గీతలను మీ కళ్ళతో చూసిన రోజు మీకు ఈ విద్య సగం వచ్చినట్లే. తెలుగు మాధ్యమం గురించి బెంగ వద్దు. పటానికీ గణాంకానికీ మాధ్యమం లేదు. ఇంగ్లీషులో నాలుగు సూటి వాక్యాలు రాయడం ఆరు నెలల్లో వస్తుంది. గణాంక శాస్త్రం గురించి మాత్రం బెంగ పడండి, మన జంతుశాస్త్ర సిలబస్‌లో దానికి దక్కే చోటు చాలా తక్కువ.

ప్రశ్న: మా అమ్మాయి తాబేళ్ళ మీద పరిశోధన చేయడానికి విదేశానికి పోతానంటున్నది. నగరంలోని ఒక కన్సల్టెన్సీ వారు లక్షన్నర కడితే పరిశోధన సీటు ఖాయం చేస్తామంటున్నారు. మాది చిన్న కిరాణా దుకాణం. ఇంత ఖర్చు పెట్టి చదివితే తరువాత ఏం పని దొరుకుతుంది? ఆడపిల్ల అడవులు పట్టుకొని తిరగడం మంచిదేనా?
– ఒక తండ్రి, నర్సంపేట

జవాబు: అయ్యా, మీరు ఆ లక్షన్నర కట్టవద్దు. పై జవాబులో చెప్పినట్టు పరిశోధక విద్యార్థిని ఎంచుకొనేది ఆచార్యుడు. ఆ ఎంపికను ఖాయం చేసే శక్తి మధ్యవర్తికి ఉండదు. దరఖాస్తు రుసుము, ఇంగ్లీషు పరీక్ష, పాస్‌పోర్టు, వీసా ఖర్చులు తప్పవు గానీ అవి ఎవరి జేబులోకో పోయేవి కావు, రసీదు ఉండేవి. మా బంధువుల అబ్బాయి ఒకడు ఇలాగే ఒక కన్సల్టెన్సీకి డబ్బు కట్టి, పరిశోధన అనుకొని పోయి, తీరా చూస్తే పూర్తి ఫీజు కట్టే మామూలు కోర్సులో తేలాడు. ఆ అప్పు తీర్చడానికి వాళ్ళ నాన్న ఎకరం భూమి అమ్మవలసి వచ్చింది. అందువల్ల ఈ విషయంలో నా మాట కొంచెం కటువుగా ఉంటే మన్నించండి. జీతం ఇచ్చే పరిశోధనను జీతం ఇచ్చేదిగానే వెతకాలి. ఎవరైనా ఎదురు డబ్బు అడిగితే అది పరిశోధక ఉద్యోగం కాదని అనుకోవడమే క్షేమం. గలాపగోస్‌కు స్వచ్ఛంద సేవకులుగా పోయే పద్ధతి కూడా ఉంది. అందులో సాధారణంగా ఎవరి ఖర్చు వారే పెట్టుకోవాలి. అనుభవం వస్తుంది, డిగ్రీ రాదు.

అసిస్టెంట్‌షిప్ లేకుండా రెండేళ్ళ మాస్టర్స్‌కు పోవాలనుకుంటే మన రాష్ట్ర ప్రభుత్వపు విద్యానిధి పథకాలు చూడండి. ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ పేరుతో, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో ఓవర్సీస్ విద్యానిధి ఉంది, మైనారిటీలకు వేరే పథకం ఉంది. 20 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది, కుటుంబ ఆదాయ పరిమితి ఉంటుంది. ఇక్కడే పీహెచ్‌డీలో చేరిన వారు కొన్ని నెలలు అమెరికాలో పనిచేసి రావడానికి ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఫెలోషిప్ ఉంది. మన దేశంలోనే చేస్తే సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) తెచ్చుకున్న విద్యార్థికి 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, అద్దె భత్యం అదనం. నర్సంపేటలో చాలా ఉద్యోగాలకంటే అది మెరుగే.

తరువాత పని గురించి మిమ్మల్ని మభ్యపెట్టను. తాబేళ్ళ మీద మాత్రమే పనిచేసే కొలువులు ప్రపంచం మొత్తంలో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అయితే మీ అమ్మాయి నేర్చుకునేది తాబేలును కాదు. ఉపగ్రహ చిత్రాలు చదవడం, లక్షల వరుసల పట్టికలను విశ్లేషించడం, అడవిలో ఒక పనిని నెలల తరబడి నడిపించడం. ఆ నేర్పు అటవీశాఖకు, రిమోట్ సెన్సింగ్ సంస్థలకు, పర్యావరణ ప్రభావ అధ్యయనాలకు, విశ్వవిద్యాలయాలకు కావాలి. జంతుశాస్త్ర పట్టభద్రులు ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు పరీక్షకు కూడా అర్హులు. ఆడపిల్ల విషయం: గలాపగోస్ తాబేళ్ళ ఆరోగ్యం మీద జరిగిన ముఖ్యమైన పనిని నడిపించినవారు షారన్ డీమ్, ఐనోవా నియెటో-క్లౌడిన్ అనే ఇద్దరు పశువైద్యురాళ్ళు. పొలాలకు దగ్గరగా తిరిగే తాబేళ్ళ పేడలో, యాంటీబయాటిక్ మందులకు లొంగని సూక్ష్మజీవుల జన్యువులు ఎక్కువగా ఉన్నాయని చూపింది వారి బృందమే. అక్కడ పులి లేదు, ఏనుగు లేదు. ఎండ, ముళ్ళు, కాలు మడతపడే లావా రాళ్ళు ఉన్నాయి. పత్తి ఏరిన చేతులకు అవి కొత్తవి కావు.

ప్రశ్న: పెద్ద తాబేళ్ళు గలాపగోస్‌లోనే ఉన్నాయా? మన దేశంలో ఉంటూ ఈ రంగంలోకి రావడానికి మా డిగ్రీ విద్యార్థులకు ఏ సంస్థలు చూపించాలి?
– జీవశాస్త్ర అధ్యాపకుడు, పెద్దపల్లి

జవాబు: మనకు మరింత దగ్గరలో, హిందూ మహాసముద్రంలో, సీషెల్స్ దేశానికి చెందిన అల్డాబ్రా దీవిలో సుమారు లక్ష పెద్ద తాబేళ్ళు ఉన్నాయి. గలాపగోస్‌లో ఓడలవాళ్ళు, తిండీ నీళ్ళూ లేకుండా నెలల తరబడి బతుకుతాయి కదా అని, తాబేళ్ళను సజీవంగా ఓడ అడుగున పేర్చుకుపోయి లక్షకు పైనే మాయం చేశారని అంచనా. అల్డాబ్రా ఓడల దారికి దూరంగా ఉండటం వల్ల మిగిలింది. అక్కడి వలసను 1970లలోనే ఇయాన్ స్వింగ్‌లాండ్ అనే పరిశోధకుడు అధ్యయనం చేశాడు. వాన మొదలవగానే కొన్ని తాబేళ్ళు నీడ గల లోపలి ప్రాంతం వదిలి తీరపు పచ్చికకు పోతాయి, కొన్ని పోవు. పోయిన వాటికి మేత ఎక్కువ దొరుకుతుంది, ఆడవి ఎక్కువ గుడ్లు పెడతాయి. కానీ తీరంలో నీడ తక్కువ కనుక ఎండదెబ్బకు చనిపోయే ప్రమాదం కూడా వాటికే ఎక్కువ. పొట్టకూటికి దూరం పోయినవాడి లాభనష్టాల లెక్క లాంటిదే ఇది. తరగతిలో వలస పాఠానికి గలాపగోస్ కంటే ఈ ఉదాహరణ బాగుంటుందని నా అభిప్రాయం, ఎందుకంటే ఇందులో రెండు వైపులా తూచవచ్చు.

అల్డాబ్రా జాతి తాబేళ్ళను చెన్నై దగ్గరి మద్రాస్ క్రొకడైల్ బ్యాంకులో చూడవచ్చు. కోల్‌కతా అలీపూర్ జంతు ప్రదర్శనశాలలో 2006లో చనిపోయిన 'అద్వైత' కూడా ఆ జాతిదే. మన హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాలలోని పెద్ద గలాపగోస్ తాబేలు, అధికారుల లెక్క ప్రకారం 125 ఏళ్ళది, 2024 మార్చిలో చనిపోయింది. చదువుకు వస్తే, దెహ్రాదూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా, బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రం (ఎన్‌సీబీఎస్) వన్యప్రాణి శాస్త్రంలో ఎం.ఎస్సీ. నడుపుతాయి, రెండింటిలోనూ ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ గట్టిగా ఉంటాయి, చేరేవారి సంఖ్య చిన్నది. పీహెచ్‌డీకి బెంగళూరులోని ఐఐఎస్‌సీ, పర్యావరణ పరిశోధన సంస్థ ఏట్రీ, కోయంబత్తూరులోని సలీం అలీ పక్షిశాస్త్ర కేంద్రం, హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన, అంతరించే జాతుల సంరక్షణ ప్రయోగశాల లాకోన్స్ ఉన్నాయి. చెట్ల మీద మక్కువ ఉన్నవారికి సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాల దగ్గరలోనే ఉంది.

ప్రశ్న: జీఆర్ఈ తప్పనిసరా? స్పానిష్ రావాలా? దరఖాస్తు ఎప్పుడు చేయాలి?
– డిగ్రీ విద్యార్థి, భూపాలపల్లి

జవాబు: అమెరికాలో చాలా జీవావరణ శాస్త్ర విభాగాలు జీఆర్ఈ అనే ప్రవేశ పరీక్షను అడగడం మానేశాయి, ఇంగ్లీషు పరీక్ష మాత్రం ఉంటుంది. ఆగస్టులో చేరాలంటే అంతకుముందు ఏడాది సెప్టెంబరు, అక్టోబరుల్లోనే ఆచార్యులకు రాయడం మొదలుపెట్టాలి, డిసెంబరు, జనవరుల్లో దరఖాస్తుల గడువు ముగుస్తుంది. స్పానిష్ ఎంపికకు షరతు కాకపోవచ్చు గానీ, తాబేలు తన తోటలోకి వచ్చి కంచె విరగ్గొట్టిందని కోపంగా ఉన్న రైతుతో మాట్లాడటానికి అదే కావాలి. సాంతా క్రూజ్ ఎగువ ప్రాంతంలో పొలాలు, రోడ్లు, కంచెలు ఉన్నాయి. తాబేళ్ళు జామపండ్లు తిని, బయటి నుంచి వచ్చి పాకిన ఆ జామ విత్తనాలను పేడతో పాటు దిగువకు మోస్తున్నాయి కూడా. మనకు ముద్దయిన జామ అక్కడ కలుపు మొక్క. ఆ రైతుల అనుమతి లేకుండా సగం పని సాగదు కనుక భాష వచ్చినవారికి ఆచార్యులు మొగ్గు చూపుతారు.

ప్రశ్న: విదేశం సంగతి తరువాత. మా ములుగు జిల్లా చెరువుల్లో ఉన్న తాబేళ్ళకే జీపీఎస్ పెట్టి పరిశోధన మొదలుపెట్టవచ్చా?
– ఒక యువకుడు, ములుగు

జవాబు: వచ్చిన ఉత్తరాలన్నింటిలో నాకు నచ్చిన ప్రశ్న ఇదే. మొదట ఒక దృశ్యం చెబుతాను. కొన్నేళ్ళ క్రితం మే నెలలో మా బంధువుల ఊరి కుంటలో పూడిక తీస్తుండగా నేను గట్టు మీద నిలబడి చూస్తున్నాను. పైన నెర్రెలు బారిన మట్టి, రెండడుగుల కింద నల్లని, ఇంకా తడి ఆరని ఒండ్రు. జేసీబీ తొట్టిలో లేచిన ఆ ఒండ్రులో పళ్ళెమంత ముద్ద ఒకటి కదిలింది. డ్రైవరు యంత్రం ఆపాడు. మట్టి తుడిచి చూస్తే తాబేలు. తల, ముందుకాళ్ళు లోపలికి ముడుచుకొని, వెనుక కాళ్ళ మీద తలుపు రెక్కల వంటి మడతలు మూసుకొని ఉంది. ఆ మడతల వల్లే దాన్ని గుర్తుపట్టవచ్చు, మన చెరువుల్లో మామూలుగా కనిపించే మెత్తని డిప్ప తాబేలు అది. ట్రాక్టరు దగ్గరున్న ఒక పెద్దావిడ దాన్ని చీర కొంగులో పెట్టుకొని పోయి పక్క పొలం బావిలో వదిలింది.

చెరువు ఎండినప్పుడు ఈ తాబేళ్ళు బురదలో దూరి వానల దాకా అలాగే ఉండగలవు, కొన్ని నేల మీద నడిచి వేరే నీళ్ళకు పోగలవు. ఏ తాబేలు ఉండిపోతుంది, ఏది నడుస్తుంది? పెద్దదా చిన్నదా, ఆడదా మగదా? గొలుసుకట్టు చెరువుల్లో మత్తడి దుంకే నెలలో నీటితో పాటు కిందికి పోయినవి తిరిగి పైకి వస్తాయా? 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడికతీత పనులు సరిగ్గా అవి బురదలో నిద్రించే నెలల్లోనే జరిగాయి కదా, దాని ప్రభావం ఏమిటి? సాంతా క్రూజ్‌లో అడిగిన ప్రశ్నలు ఇవే; అక్కడ కొండ, ఇక్కడ చెరువు. ఇటువంటి పని ఒకటి చేసి చూపిన అభ్యర్థిని ఏ ఆచార్యుడైనా, తన దీవిని చూడాలని మాత్రమే కోరుకునే అభ్యర్థికంటే ముందు పిలుస్తాడు.

అయితే తొందరపడి తాబేలును పట్టుకోవద్దు. మెత్తని డిప్ప తాబేలు, నక్షత్ర తాబేలు రెండూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ గల జీవుల జాబితాలో, ఉన్నాయి. అనుమతి లేకుండా పట్టుకోవడం, ఇంట్లో ఉంచుకోవడం, వాటి మీద పరికరం అతికించడం నేరం. పరిశోధనకు రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి తీసుకోవాలి. ఒంటరి యువకుడి దరఖాస్తు కంటే ఒక విశ్వవిద్యాలయ విభాగం ద్వారా వెళ్ళిన దరఖాస్తుకు విలువ ఎక్కువ కనుక ముందు ఒక గైడ్‌ను వెతుక్కోండి. జీపీఎస్ విషయంలో ఇంకొక చిక్కు ఉంది: ఆ సంకేతం నీళ్ళలోకి, బురదలోకి దూరదు. 200 కిలోల నేల తాబేలుకు పనికొచ్చిన పరికరం కిలో రెండు కిలోల చెరువు తాబేలుకు బరువవుతుంది కూడా. ఇటువంటి వాటికి చిన్న రేడియో ట్రాన్స్‌మిటర్ అతికించి, చేతిలో యాంటెన్నా పట్టుకొని గట్టు వెంట తిరిగి వెతకడమే నమ్మదగిన పద్ధతి. గలాపగోస్‌లో కూడా పరికరంలో నిండిన లెక్కలను దింపుకోవడానికి విద్యార్థి తాబేలుకు దగ్గరగా నడిచి వెళ్ళవలసిందే, అవి వాటంతట అవి ఇంటికి రావు.

అనుమతి వచ్చే లోపు చేయగల పని కూడా ఉంది, దానికి ఎవరి సంతకమూ అక్కరలేదు. మీ మండలంలో పది కుంటలు ఎంచుకొని, ప్రతి వారం ఏ కుంటలో నీరు ఎంతవరకు ఉందో గట్టు మీది ఒకే చోట నిలబడి ఫోటో తీయండి. చేపలు పట్టే ముదిరాజు సంఘం పెద్దలను, పూడిక పనికి వచ్చే డ్రైవర్లను అడిగి తాబేలు ఎక్కడ, ఏ తేదీన, ఎంత లోతులో కనిపించిందో నోటుబుక్కులో రాసుకోండి. అనుమతి దరఖాస్తు మాత్రం దసరాకు ముందే పెట్టండి. కుంటలు ఎండేది ఏప్రిల్‌లో. ఆఫీసులో ఫైలు కదలడానికి ఆ మధ్యనున్న నెలలన్నీ పడతాయి.